పెళ్ళాం మాట విన్నందుకు కాదండీ మక్బూల్ చచ్చింది

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు ఐదోసారి వచ్చింది. మొదట పదో తరగతి బ్యాచ్ గ్రూపులో. తర్వాత, ఒకప్పుడు నేను తెర వెనక నుంచి మాట అందిస్తే తెర ముందు పద్యం అందుకున్న పాత స్నేహితుడు. ఆ తర్వాత మా వియ్యంకుడుగారు, ఆయన్ని ఏమీ అనలేను. నాలుగోసారి మళ్ళీ మొదటివాడే, పంపిన సంగతి మర్చిపోయి. ఐదోసారి ఏకంగా మా ఇంటివాళ్ళ గ్రూపులోకే దిగింది. పైన ఇర్ఫాన్ ఖాన్ ఫొటో, చుట్టూ గులాబీలు, కింద "మక్బూల్ సినిమా చెప్పే జీవిత సత్యాలు, ప్రతి మగాడూ చదవాలి" అని.

చదవనివాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను. మక్బూల్ అంటే షేక్స్‌పియర్ మ్యాక్‌బెత్ నాటకాన్ని ముంబై మాఫియాలోకి దించిన హిందీ సినిమా. నాటకంలో సేనాని రాజుని చంపి గద్దెనెక్కుతాడు, సినిమాలో డాన్ అబ్బాజీని ఆయన బంటు మక్బూల్, అంటే ఇర్ఫాన్ ఖాన్, చంపుతాడు. ఇక మెసేజ్ సంగతి. షేక్స్‌పియర్ సొంతంగా అల్లుకున్న మ్యాక్‌బెత్ కథని హిందీవాళ్ళు దొంగిలించారట. విషాదాంతం అనేదే మన నాటకాల్లో లేదట, అది తెల్లవాడి సరుకట. సినిమాలో పోలీసులిద్దరూ కాలక్షేపం కామెడీయట. సముద్రం ఇంటికి రావడమేమిటి, లాజిక్ లేదట. సినిమా సూపర్‌హిట్టట. చివర ఎర్ర అక్షరాల్లో అసలు సత్యం: కైకేయి మాట విని దశరథుడు, భార్య మాట విని మక్బూల్ నాశనమయ్యారు, కాబట్టి ఆడదాని మాట వంటింటి గుమ్మం దాటనివ్వకండి.

సూపర్‌హిట్ కాదు. 2004 జనవరిలో వచ్చింది, వచ్చినట్టు చాలామందికి తెలియకుండానే వెళ్ళిపోయింది. పేరు తర్వాత వచ్చింది. అది వదిలేద్దాం.

దొంగతనం సంగతి. దర్శకుడు విశాల్ భరద్వాజ్ ఇది మ్యాక్‌బెత్ అని ఎక్కడా దాచలేదు. ఆ తర్వాత ఒథెల్లోని 2006లో ఓంకారగా, హామ్లెట్‌ని 2014లో హైదర్‌గా తీశాడు. ఒకే ఇంటికి మూడుసార్లు వెళ్ళి, వెళ్ళిన ప్రతిసారీ ఊరంతా దండోరా వేయించుకునే దొంగని నేనైతే చూడలేదు. ఇక షేక్స్‌పియర్ సొంత కథ అంటారా? మ్యాక్‌బెత్ 1040 నుంచి 1057 దాకా స్కాట్లండ్‌ని ఏలిన నిజం రాజు. హోలిన్‌షెడ్ అనే ఆయన చరిత్ర పుస్తకం ముందు పెట్టుకుని షేక్స్‌పియర్ ఆ కథని తనకి కావలసినట్టు తిప్పుకున్నాడు. అంతెందుకు, మన రాజమండ్రిలో కూర్చుని కందుకూరి వీరేశలింగం పంతులుగారు అదే షేక్స్‌పియర్ హాస్య నాటకాన్ని చమత్కార రత్నావళిగా మార్చలేదూ? ఆయన్ని కూడా స్టేషన్లో పెట్టిద్దామా?

విషాదం మన సరుకు కాదన్న మాటలో సగం నిజముంది, ఒప్పుకుంటాను. సంస్కృత నాటకాలు చాలావరకు శుభంగానే ముగుస్తాయి, భరతవాక్యం చెప్పి అందరినీ చల్లగా చూడమని కోరతాయి. కానీ భాసుడి ఊరుభంగం మాటేమిటి? తొడలు విరిగి నేల మీద పడున్న దుర్యోధనుడి దగ్గరికి కొడుకొచ్చి, అలవాటు కొద్దీ ఒళ్ళో కూర్చోబోతాడు. తండ్రి వద్దనాల్సొస్తుంది. అంతకంటే కడుపు తరుక్కుపోయే చోటు మ్యాక్‌బెత్ మొత్తంలో నాకు కనబడలేదు.

పోలీసులు కాలక్షేపమా? సినిమా మొదలయ్యేదే వాళ్ళతో. బయట వర్షం, వ్యాను అద్దం మీద పట్టిన ఆవిరిలో వేలితో జాతకచక్రం గీస్తూ కబుర్లు చెప్పుకుంటారు. కాసేపట్లో ఆ చక్రం మీద నెత్తురు చిందుతుంది. నాటకంలో ముగ్గురు మంత్రగత్తెలు చేసే పని ఇక్కడ పండిట్, పురోహిత్ అనే ఈ ఇద్దరు చేస్తారు, ఓం పురి, నసీరుద్దీన్ షా. తేడా ఒకటుంది. మంత్రగత్తెలు జోస్యం చెప్పి మాయమైపోతారు. వీళ్ళు జోస్యం చెప్పి, అది ఫలించేలా వెనక నుంచి ఓ తోపు కూడా తోస్తారు. ఏ పక్షమూ మరీ బలవకూడదు, నిప్పుకి నీళ్ళ భయం ఉండాలి, ఇదీ వాళ్ళ సిద్ధాంతం. నవ్వొస్తుంది, నిజమే. అలా నవ్విస్తూ కొంప ముంచేవాళ్ళని మన రచ్చచావిడి అరుగు మీద చూడలేదా మీరు?

సముద్రం ఇంటికి రావడం. నాటకంలో అడవి కదిలి కోట మీదికొస్తే తప్ప రాజుకి చావు లేదంటారు. సైనికులు కొమ్మలు నరికి అడ్డం పెట్టుకుని నడుస్తారు, అడవి వచ్చేస్తుంది. సినిమాలో అడవి బదులు సముద్రం. అది అలల రూపంలో రాదు, దాని మీద అధికారమున్నవాళ్ళ రూపంలో గుమ్మంలోకొస్తుంది. ఇందులో లాజిక్ వెతికిన మహానుభావుడు ఏ ఊరివాడో తెలీదు కానీ కోనసీమవాడైతే మాత్రం కాదు. 1996 నవంబరు 6 రాత్రి ఇక్కడున్న ఎవర్నైనా అడగమనండి, సముద్రం ఇంటికొస్తుందో రాదో.

ఇప్పుడు ఎర్ర అక్షరాల దగ్గరికొద్దాం.

ముందుగా ఒక చిన్న సవరణ. టబు వేసిన నిమ్మి మక్బూల్ భార్య కాదు! అబ్బాజీ ఉంచుకున్న మనిషి. తండ్రి వయసున్న డాన్ పక్కన బతుకుతూ, ఆయన నమ్మిన బంటుని ప్రేమిస్తుంది. కథంతా నిలబడిందే ఆ ముడి మీద. అది కూడా తెలియకుండా జీవిత సత్యాలు రాశాడంటే ఆయన సినిమా చూడలేదు, పోస్టరు చూశాడు. ఆ పోస్టరు కూడా కదులుతున్న బస్సులోంచి చూసుంటాడు.

పోనీ నాటకంలోనైనా ఈయన చెప్పింది ఉందా? మంత్రగత్తెల మాట విన్న మరుక్షణం, భార్య ముఖం చూడకముందే, మ్యాక్‌బెత్ మనసులో హత్య మెదులుతుంది. జుట్టు నిక్కబొడుచుకునేంత భయంకరమైన ఆలోచన అని తనే అనుకుంటాడు. ఉత్తరం రాసి ఆవిడకి చెప్పేది తర్వాత. మధ్యలో వెనకడుగు వేసినప్పుడు ఆవిడ ఎత్తిపొడుస్తుంది, రెచ్చగొడుతుంది, అది కాదనను. కానీ రాజుని చంపాక? తోటి సేనాని బాంకోని చంపించేటప్పుడు భార్యకి చెప్పనే చెప్పడు, నీకు తెలియకపోవడమే మంచిదంటాడు. ఫైఫ్ దొర మ్యాక్‌డఫ్ పెళ్ళాం పిల్లల్ని నరికించేటప్పుడు ఆవిడ ఊసే లేదు. చివర్లో నిద్రలో నడుస్తూ ఆవిడే అడుగుతుంది, ఫైఫ్ దొరగారికో భార్య ఉండేది, ఇప్పుడెక్కడుందీ అని. ఒక్క హత్య దగ్గర పెళ్ళాం మాట విన్నాడు. మిగతావన్నీ ఆవిడకి చెప్పకుండా చేశాడు. ఈ లెక్కన మగాడికి నీతి ఏమైనా ఉంటే అది ఎటువైపుందో మీరే చూడండి.

కైకేయి అంటారా. అయోధ్యకాండలో రాముడే భరతుడితో చెప్తాడు, మీ అమ్మని పెళ్ళాడేటప్పుడే నాన్నగారు మీ తాతగారికి రాజ్యాన్ని శుల్కంగా మాటిచ్చారని. ఆ మాట ఇచ్చింది కైకేయా? దాన్ని తోసేసి తెల్లారేసరికి పట్టాభిషేకం పెట్టింది కైకేయా? సరే, పురాణమే కావాలంటే మండోదరి మాట కూడా చెప్పుకుందాం. సీతని పంపెయ్యవయ్యా మగడా అని మొత్తుకున్న పెళ్ళాం మాట పెడచెవిన పెట్టినవాడి గతి ఏమైందో ఆ మెసేజ్‌లో ఏ రంగు అక్షరాల్లోనూ లేదు.

ఒకటి మాత్రం దాచకుండా చెప్పాలి. సినిమాలో నిమ్మికి నాటకంలోని రాణి కంటే ఎక్కువ పాత్రే ఉంది. తోసేది ఆవిడే, గట్టిగా తోస్తుంది. అబ్బాజీ కన్ను ఇంకో పిల్ల మీద పడింది, రేపు తన చోటెక్కడో తెలీదు. మక్బూల్‌కీ తన లెక్కలున్నాయి: అబ్బాజీ కూతురు, ఆయన మరో అనుచరుడు కాకా కొడుకు గుడ్డూని చేసుకుంటే పెత్తనం అటు పోతుంది. ఆ భయం అతనికి నిమ్మి పెట్టింది కాదు. కాల్చింది అతను, పక్కమీద నెత్తురు చిమ్మింది ఆవిడ ముఖాన. ఆ మరకలు కడుక్కుంటూనే పోతుంది. మన ప్రేమైనా పవిత్రమేగా మియా అని చివరికి అడుగుతుంది. టబు ఆ మాట అడిగే తీరు చూశాక కూడా ఎర్ర అక్షరాలు టైపు చెయ్యగలిగినవాడికి దణ్ణం.

నాకెందుకింత మంట అంటారా? మా అక్కావాళ్ళది భీమవరం పక్కన పల్లె. తొంభైల్లో బావ నాలుగెకరాల్లో టైగర్ రొయ్య వేసి ఒక పంట బాగా తీశాడు. అంతే, సీడు అమ్మేవాడూ, సరుకు కొనేవాడూ రోజూ అరుగు మీదే. ఇంకో పన్నెండెకరాలు లీజుకి తీసుకో, వచ్చే ఏడాదికి కారులో తిరుగుతావు అని. అక్క వద్దంది. పాత అప్పు తీరాక చూద్దామంది. బావ వినలేదు. చివరికి ఆవిడ నానుతాడూ గాజులూ కూడా తాకట్టుకెళ్ళాయి. వైట్ స్పాట్ తెగులు వచ్చింది. రొయ్యలు గట్టు పక్కకి చేరి వారం తిరక్కుండా చచ్చి తేలాయి. అప్పులవాళ్ళు ఇంటి ముందు కూర్చున్న రోజుల్లో ఊరు తేల్చిందేమిటో తెలుసా? పెళ్ళాం నగల మోజుకి పాపం మనిషి చితికిపోయాడు అని.

ఆ మాట అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. చాటున కాదు, ఒక పెళ్ళి భోజనాల బంతిలో, పదిమంది వింటుండగా.

మొన్న ఆ మెసేజ్ పడ్డ మా గ్రూపులో అక్క కూడా ఉంది. ఎవరూ ఏమీ అనలేదు, రెండు దణ్ణాల బొమ్మలు, ఒక గులాబీ వచ్చాయి. సాయంత్రం దాని కింద అక్క పెట్టింది: "ఈ సినిమా ఎక్కడ దొరుకుద్దిరా?" నేను లింకు పంపాను. రాత్రి పదకొండింటికి ఫోను.

"హిందీ సగమే తెలుత్తంది గానీ చూత్తన్నా. ఒకటి చెప్పు. ఆ పోలీసోళ్ళిద్దరికీ ఆఖర్న ఏవైనా అవుద్దా?"

"ఏమీ అవదే."

"అనుకున్నాలే," అని పెట్టేసింది.