తారీఖు వేసిన దెయ్యం కథ

పాడుబడ్డ ఇంటి మీద డైరీ రూపంలో కథ వేస్తే పత్రికకు ఉత్తరాల లోటుండదు. శ్రీకాకుళం పక్కన ఓ ఊరు, అమెరికా నుంచి సెలవు మీద వెళ్ళిన కొడుకు, తాళం వేసిన తాతగారి గది, రోజుకో తారీఖు. చదివినవాళ్ళలో కొందరు ‘ఇది నిజంగా జరిగిందా’ అని అడుగుతారు. కొందరు చివర్లో ఏమైందో చెప్పలేదేమంటారు, కొందరు భయం వెయ్యలేదంటారు. వీటి మధ్య ఒక్క ఉత్తరం వస్తుంది: ‘ఆ తారీఖున మా వైపు కరెంటే లేదు కదా, ఫ్యాను దానంతటది ఎలా తిరిగింది?’ రచయితలు చిన్నబుచ్చుకునేది దీనికే. కథను కథగా చదవకుండా తప్పులెన్నుతున్నారని అంటారు. మేము ఒప్పుకోం. వచ్చిన అన్నిట్లోకీ రచయితకు పనికొచ్చే ఉత్తరం అదే, పత్రిక ముందుగా అచ్చువెయ్యాల్సిందీ అదే.

మామూలు కథలో ‘ఒక వానాకాలం రాత్రి’ అంటే సరిపోతుంది. డైరీ అన్నాక పేజీ పైన తారీఖు పడుతుంది. తారీఖు పడిందంటే ఆ రోజు తిథి, వాన, కరెంటు, జాతర అన్నీ కథలోకి వచ్చి కూర్చుంటాయి. పాఠకుడు దెయ్యాన్ని నమ్మడానికి సిద్ధపడే పేజీ తిప్పుతాడు. అయితే దెయ్యం ఒక్కటి తప్ప మిగతాదంతా తనకు తెలిసిన లోకంలా ఉండాలి. అందులో ఒక్కటి తప్పినా దెయ్యం కూడా మాయమైపోతుంది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో తిత్లీ తుపాను రోజుల్లో కథ పెట్టారనుకుందాం. తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. అమావాస్య అక్టోబరు 9న. అంటే 10వ తారీఖు రాత్రి మబ్బు లేకపోయినా వెన్నెల ఉండదు, సన్నని నెలవంక పొద్దుగూకిన కాసేపటికే దిగిపోతుంది. ఆ రాత్రి ‘వెన్నెల్లో పెరట్లో తెల్లచీర’ అని రాస్తే కవిటిలోనో సోంపేటలోనో ఆ గాలి విన్న మనిషి పుస్తకం మూసేస్తాడు. ఆ తర్వాత చాలా ఊళ్ళలో రోజుల తరబడి కరెంటు లేదు, కొబ్బరిచెట్లు వేళ్ళతో సహా పడిపోయాయి. 12వ తారీఖు పేజీలో ఫ్యాను తిరగకూడదు, ఫోను ఛార్జింగు నిండుగా ఉండకూడదు, పెరట్లో కొబ్బరిమట్టల చప్పుడు నిన్నటిలా ఉండకూడదు. నిజానికి చెట్లు పోయిన పెరడే ఎక్కువ భయపెడుతుంది. రచయిత చూడవలసింది అది.

చంద్రుడి లెక్క కష్టమేమీ కాదు. పౌర్ణమినాడు పొద్దుగూకే వేళకు లేస్తాడు. అక్కణ్ణుంచి రోజుకు సగటున 50 నిమిషాలు ఆలస్యం. బహుళ అష్టమికి అర్ధరాత్రి అవుతుంది. మనం ఇక్కడ అమెరికాలో ఉండి రాసేటప్పుడు ఒక ఇబ్బంది ఉంది. అమెరికా ఊళ్ళకు గుణించిన పంచాంగం చూసి ఊళ్ళో తిథి వేస్తే ఒక రోజు తేడా పడవచ్చు. ఊరి తిథికి ఊరి పంచాంగమే చూడాలి. పొద్దు సంగతీ అంతే. డిసెంబరు మొదట్లో శ్రీకాకుళంలో సాయంత్రం సుమారు 5:15కే సూర్యుడు దిగిపోతాడు, హైదరాబాదు కంటే 20 నిమిషాలకు పైగా ముందు. ‘ఆరున్నరకి ఎర్రటి ఎండలో అరుగు మీద’ అన్న వాక్యం అక్కడ చెల్లదు. ఇంకొకటి, ఇక్కడి పాఠకులు వెంటనే పట్టేసేది: ఊళ్ళో అర్ధరాత్రి పన్నెండింటికి న్యూజెర్సీలో ఉన్న అన్నయ్యకి ఫోను చేస్తే అక్టోబరులో అక్కడ మధ్యాహ్నం రెండున్నర, డిసెంబరులో ఒంటిగంటన్నర. అన్నయ్య నిద్రమత్తులో హలో అనకూడదు, ఆఫీసులో మీటింగు మధ్య గొంతు తగ్గించి మాట్లాడాలి.

ఊరి వివరాలు కూడా ఇలాగే బయటపెడతాయి. శ్రీకాకుళం పట్నానికి రైలు స్టేషను లేదు. శ్రీకాకుళం రోడ్డు స్టేషను ఉన్నది ఆమదాలవలసలో, అక్కణ్ణుంచి ఆటోనో బస్సో ఎక్కాలి. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి జాతరలో సిరిమాను దసరా తర్వాత వచ్చే మంగళవారమే ఊరేగుతుంది. 2019 డైరీలో పార్వతీపురం మన్యం జిల్లా ఉండదు, అది 2022 ఏప్రిల్‌లో వచ్చింది. అప్పటిదాకా పాలకొండ, రాజాం రెండూ శ్రీకాకుళం జిల్లాలోవే.

ఇక ఇల్లు. మన రచయితలు ఎక్కువగా జారిపోయేది ఇక్కడే. దెయ్యాల కొంప అనగానే చుట్టూ తోట, మధ్యన ఒంటరి బంగళా, పైకి మెలికలు తిరిగిన మెట్లు రాసేస్తారు. శ్రీకాకుళం పల్లెల్లో పాత ఇళ్ళు చాలాచోట్ల వరసగా, పక్కింటికీ మనింటికీ ఒకే గోడగా ఉంటాయి. వెడల్పు తక్కువ, పొడుగు ఎక్కువ. వీధి అరుగు దగ్గర మొదలైతే గది వెనక గది, చివర పెరడు, నుయ్యి. రెండు పక్కలా ఉమ్మడి గోడలే కాబట్టి నడిమి గదికి కిటికీ ఉండదు. పైన ఒక అద్దం పెంకు పెడితే పట్టపగలు అరచేయంత వెలుగు నేల మీద పడుతుంది, అది పొద్దుతో పాటు కదులుతుంది. దెయ్యం కథకు ఇంతకంటే మంచి గది ఎక్కడ దొరుకుతుంది? అందులో మనిషి ఒంటరిగా ఉన్నా ఒంటరి కాడు. గోడ అవతల ఎవరో దగ్గుతారు. అవతలి ఇల్లు తాళం వేసి పదేళ్ళయిందని మూడో పేజీలో తెలిస్తే చాలు, రచయిత ఇంకేం చెయ్యనక్కర్లేదు.

చప్పుళ్ళకు కూడా వేళలున్నాయి. పగలంతా కాగిన పెంకులు, వాసాలు పొద్దుగూకాక చల్లబడుతూ టక్ టక్ అంటాయి. ఇది రాత్రి మొదటి జాములో వినిపించేది, రెండింటికి కాదు. రెండింటికి పైకప్పు మీద నడిచేది మానుపిల్లో ఎలకో. ఇళ్ళు వరసగా ఉంటే కప్పు కూడా ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే కాబట్టి ఆ నడక మన నెత్తి మీద ఆగదు, వీధి చివరిదాకా పోతుంది. అడుగులు మన గది మీదే ఆగిపోతే భయం అప్పుడు పుడుతుంది. గబ్బిలాలుంటే ముందు వాసన చెబుతుంది, చప్పుడు తర్వాత. తలుపుల విషయంలో తరచూ పొరపాటు జరుగుతుంది. వానాకాలంలో చెక్క ఉబ్బి తలుపు బిగిసిపోతుంది, భుజంతో తొయ్యాలి. మాఘ ఫాల్గుణాలకి ఎండి వదులవుతుంది. శ్రావణమాసం ముసురులో తలుపు ‘కిర్రుమంటూ దానంతటదే తెరుచుకుంది’ అంటే ఊరి పాఠకుడు నవ్వుకుంటాడు. అదే తలుపు, రాత్రి ఇద్దరు మగాళ్ళు తోసినా రానిది, తెల్లారి బార్లా తెరిచి ఉంటే నవ్వడు.

డైరీ రాసే మనిషి సంగతి చాలామంది మర్చిపోతారు. చేత్తో నిమిషానికి 15 మాటలు రాస్తాడనుకున్నా 1500 మాటల పేజీకి గంటా నలభై నిమిషాలు పడుతుంది. పక్క గదిలో ఏదో గోడ గీరుతుంటే అంతసేపు కూర్చుని సంభాషణలతో సహా ఎవరు రాస్తారు? భయపడ్డ రాత్రి రాసింది మూడు ముక్కలుండాలి, మర్నాడు పగలు రాసింది పొడుగ్గా ఉండాలి. ‘మా పెద్దన్నయ్య రమణ, అంటే టీచరుగా చేసేవాడు’ అని ఎవరూ తన డైరీలో తనకు పరిచయం చేసుకోరు. పేరు ఊరికే వస్తుంది, అతనెవరో పాఠకుడు నాలుగు పేజీల తర్వాత అల్లుకుంటాడు. ‘అది వచ్చేస్తోంది, ఆ...’ అని కలం జారిపోయే చివరి పేజీని దయచేసి మానెయ్యండి. ఆఖరి పేజీలో పాలవాడి లెక్కో, మర్నాడు చెయ్యాల్సిన పనో ఉండి, ఆ తర్వాతి పేజీలు ఖాళీగా ఉంటే చాలు. అసలు డైరీ ఎలా ఉంటుందో చూడాలంటే విజయనగరం గురజాడ అప్పారావుగారి డైరీలు అచ్చులో ఉన్నాయి, చాలావరకు ఇంగ్లీషులో.

ఆ నోటుపుస్తకం ఎలా మిగిలిందో కూడా చెప్పాలి. తాళం వేసిన పెంకుటింట్లో మూడు వానాకాలాలు గూట్లో పడి ఉన్న కాగితాన్ని చెదలు వదలవు. ట్రంకు పెట్టెలోనో, మూత బిగుసుకున్న బియ్యం డబ్బాలోనో దొరకాలి. ఇంకు పెన్నుతో రాసిందైతే చెమ్మకు అలుక్కుపోయిన వరసలుంటాయి, బాల్‌పెన్ను అంత అలుక్కోదు. ఏ పేజీ చదవడానికి రాదో రచయిత ఎంచుకోవచ్చన్నమాట.

యాస మీద వచ్చే ఉత్తరాల్లో కోపం ఉంటుంది, న్యాయమైన కోపం. సినిమా హాస్యగాళ్ళ నుంచి ఎత్తిన ‘ఏటి, నాను’లు ప్రతి వాక్యంలో చల్లి, మధ్యలో గోదావరి వాళ్ళ ‘ఆయ్’ కలిపితే సిక్కోలు మనిషికి కడుపు మండదా? టీచరు ఉద్యోగం చేసే మనిషి డైరీ బడిలో నేర్చిన తెలుగులో ఉంటుంది. నాయనమ్మ అన్న మాట దగ్గర మాత్రం ఆమె మాటే పడుతుంది. ఎలా రాయాలో తెలియకపోతే కాళీపట్నం రామారావుగారు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథల గ్రంథాలయం కథానిలయంలో ఆ ప్రాంతం కథలు కావలసినన్ని ఉన్నాయి.

‘ఇది నిజమా, ఏ ఊరు’ అన్న ప్రశ్నను రచయితలు మెచ్చుకోలుగా తీసుకుని నవ్వి ఊరుకుంటారు. అలా ఊరుకోకూడదని మేము గట్టిగా నమ్ముతున్నాం. ఈ పత్రిక చదివే ఎంతోమందికి అక్కడ తాళం వేసిన ఇల్లుంది. ఒక ఇంటికి దెయ్యాల కొంపన్న పేరు వస్తే ఊడ్చే మనిషి రాదు, అద్దెకు ఎవరూ దిగరు, కొనేవాడు సగానికి బేరమాడతాడు, రాత్రుళ్ళు కుర్రాళ్ళు వీడియోలు తియ్యడానికి గోడ దూకుతారు. పైగా ఆ నమ్మకం అక్కడ పాతబడిపోలేదు. 2022 ఏప్రిల్‌లో సరుబుజ్జిలి మండలం వెన్నెలవలసలో వరస చావులకు దుష్టశక్తి కారణమని తలచి ఊరికి ఊరే రాకపోకలు ఆపేసుకుంది. చిల్లంగి, అంటే చేతబడి, అన్న అనుమానంతో మనుషుల్ని కొట్టిన, చంపిన సంఘటనలు మన వైపు జరిగాయి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గుర్ని తీసుకుపోయిన కుటుంబాలున్నాయి. అక్కడ ‘ఆ ఇంట్లో మగాళ్ళు నిలవరు’ అన్న వాక్యాన్ని దెయ్యం ఖాతాలో రాస్తే ఆ ఇంటి ఆడమనిషి మీద ఊరు ఎలా చూస్తుందో రచయిత రాయకముందే ఆలోచించాలి. ఆ చావుల్ని కథకు సరుకుగా వాడుకోవద్దు.

కాబట్టి మండలం దాకా నిజం పేరు వాడండి, ఊరి పేరు కల్పించండి. గుడి పక్క వీధి, మూడో ఇల్లు లాంటి ఆనవాళ్ళు వద్దు. ఇంటి ఫొటో అసలే వద్దు, బొమ్మ గీయించండి. ‘కల్పిత డైరీ’ అన్న మాట కథ పేరు కిందే, అదే పేజీలో, చదవగలిగే సైజులో పడాలి. ఆఖరి పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో వేస్తే వేసినట్టు కాదు. చెబితే భయం తగ్గుతుందని రచయితలు గొణుగుతారు. కల్పితమని తెలిసీ నవల చదివి లైటు ఆర్పడానికి జంకిన పాఠకులు లేరా?

ఉత్తరాలను మరుసటి సంచికలోనే వెయ్యాలి, ఆర్నెల్లు ఆగితే కథ ఎవరికీ గుర్తుండదు. చోటు చాలకపోతే పొగడ్త కత్తిరించి తప్పు చూపిన వాక్యం ఉంచాలి, పక్కనే రచయిత జవాబుకు యాభై అరవై మాటల చోటివ్వాలి. ఎవరైనా తమ ఊరి అసలు ఇంటిని గుర్తుపట్టి ‘ఇది ఫలానావాళ్ళదే’ అని రాస్తే ఆ పేరు అచ్చుకు వెళ్ళకూడదు. కథ తర్వాత సంకలనంలోకి వెళ్తే తారీఖు, తిథి, రైలు సరిదిద్దాకే వెళ్ళాలి, సరిచేసిన పాఠకుడి పేరు ఆయన ఒప్పుకుంటే ముందుమాటలో వెయ్యాలి.