‘పొలంవాళ్లకి ముందే డబ్బు కట్టకండి’ అనే ఫార్వర్డ్‌కి నా జవాబు

మా మసాచుసెట్స్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఏటా మంచు కరిగేసరికి ఒక మెసేజ్ తేలుతుంది. సీఎస్ఏ (కమ్యూనిటీ సపోర్టెడ్ అగ్రికల్చర్) అనే కూరగాయల వాటాలకి, అంటే సీజన్‌కి ముందే రైతుకి డబ్బు కట్టి పంట దిగాక కూరల సంచి తెచ్చుకునే పద్ధతికి, 650 డాలర్లు పోసి మోసపోవద్దని ఆ మెసేజ్ సారం. పంట పోతే డబ్బు తిరిగివ్వరట. ఎండాకాలంలో కూరలు వాటంతటవే కాస్తాయి, కోసి ఇవ్వడానికి అంత ధరా అట. హోల్‌సేల్‌లో కొని సంచుల్లో వేస్తారట. ఆర్గానిక్ అన్నది బూటకమట. చివరగా, మన కూరలు ఒక్కటీ ఉండవట. ఈసారి దాన్ని పంపింది మా బాబాయే. అందుకే రాస్తున్నాను. ఓ చిన్న తోటలో ఐదేళ్లుగా నాకు వాటా ఉంది. శనివారం పొద్దున కోతకి వెళ్తాను, దానికి వాటా డబ్బులో కొంత తగ్గిస్తారు.

డబ్బు ముందే తీసుకోవడం నిజం, తిరిగి రాకపోవడమూ నిజం. ఎవరూ దాచలేదు, ఒప్పందమే అది. 1986లో ఈ రాష్ట్రంలోనే, సౌత్ ఎగ్రిమాంట్‌లో రాబిన్ వాన్ ఎన్ అనే రైతు తన పొలంలో కూరగాయల వాటాలు మొదలుపెట్టినప్పుడూ లెక్క ఇదే: ఏడాది సాగుకి ఇంత ఖర్చు, తినేవాళ్లం ఇంతమందిమి, పంచుకుందాం. విత్తనాలు, నారు పోసే మట్టి, గ్రీన్‌హౌస్ వేడికి గ్యాసు, అన్నీ ఫిబ్రవరి, మార్చిల్లో కొనాలి. అమ్మడానికి జూన్ దాకా ఆకు ఉండదు. మనకిదేం కొత్త? నూజివీడు వైపు మామిడి తోటని పూత మీదే కొనేవాళ్లు లేరా? గాలివానకి పిందె రాలితే నష్టం కొన్నవాడిదే. దాన్ని మోసం అంటామా, బేరం అంటామా?

2023 జులైలో కనెటికట్ నది పొంగి పడమటి వైపు తోటలెన్నో మునిగాయి. వరదనీళ్లు తగిలిన కూరని ఎంత కడిగినా అమ్మనివ్వరు, ఆ నీళ్లలో మురుగు, డీజిల్ అన్నీ కలుస్తాయి కాబట్టి. నవనవలాడే క్యాబేజీలని దున్నేసుకోవడమే. మా తోట మెరక మీద ఉండి బయటపడింది. అలాంటి ఏడాది వాటా డబ్బూ వెనక్కి అడిగితే ఆ రైతు మరుసటి వసంతంలో విత్తనం కొనడు.

‘వాటంతటవే కాస్తాయి’ అన్నదానికే నాకు ఎక్కువ మంట. కాయడం వేరు బాబాయ్, కోయడం వేరు. జులైలో ఐదున్నరకల్లా చేలో ఉంటాం. ముందు లెట్యూస్. ఎండ తగిలిందంటే మధ్యాహ్నానికి వాడిపోతుంది, కోసిన వెంటనే చన్నీళ్ల తొట్టిలో ముంచి వేడి దింపాలి. టమాటా, బీన్స్ జోలికి అప్పుడే పోనివ్వరు. ఆకు మీద మంచు తడి ఉండగా చెయ్యి పెడితే తెగులు ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి మనమే మోసినట్టు. తడి ఆరేలోగా కీరాలా ఉండే జుకినీ. దాని ఆకుల నూగు బెండమొక్కలాగే చేతులు కోసేస్తుంది, మోచేతుల దాకా దురద. ఆకు కింద ఒక్క కాయ కంటికి ఆనకపోతే రెండు రోజుల్లో సొరకాయంత అవుతుంది. పోనీ ఒక కాయ ముదిరిందిలే అనుకోవడానికి లేదు. గింజ ముదరనిస్తే మొక్క కొత్త పిందె వేయడం తగ్గించేస్తుంది. అందుకని ఆదివారమైనా, ముసురు పట్టినా కొయ్యాల్సిందే.

తొమ్మిదికి టమాటాలు. ఒక వరస చెర్రీ టమాటాలు కోసేసరికి వేళ్లు నల్లబడి జిగురవుతాయి, సబ్బు పెడితే నురుగు పచ్చగా దిగుతుంది. నిరుడు ఒక పొద్దుటంతా కోసి చిన్న బుట్టలు పాతికే నింపగలిగాను. తోటావిడ చూసి నవ్వింది కానీ ఏమీ అనలేదు. దూరం నుంచి లారీలో వచ్చే టమాటాని చాలావరకు పచ్చిగా కోసి ఇథిలీన్ గ్యాసుతో మాగబెడతారు. అది విషమేం కాదు, పండు తనంతట తానూ ఆ వాయువే వదులుతుంది. రుచి మాత్రం రాదు. మాకిచ్చేది చెట్టున పండిన కాయ, నాలుగు రోజుల్లో తినకపోతే కారిపోతుంది. ఆ నాలుగు రోజుల కోసమే నేను డబ్బు కడుతున్నది. చౌకగా కావాలంటే కొట్లో కొనుక్కోవడమే నయం, అందులో వాదన లేదు.

హోల్‌సేల్ సంగతి. అలా కొని పెట్టెల్లో సర్ది అమ్మే వ్యాపారాలు ఉన్నాయి, కాదనను. 2014 నుంచి కాలిఫోర్నియాలో సీఎస్ఏ అని చెప్పుకోవాలంటే రాష్ట్రం దగ్గర నమోదు కావాలి, ఏది ఏ పొలంలో పండిందో చెప్పాలి. మన దగ్గర కనిపెట్టడం సులువే. జూన్ మొదటివారం సంచిలో మొక్కజొన్న పొత్తులు కనబడ్డాయా, అది ఇక్కడి చేను కాదు.

ఆర్గానిక్ మీద ఫార్వర్డ్ సగం కరెక్ట్. మందే కొట్టరనుకోవడం పొరపాటు, వేపనూనె, బ్యాక్టీరియా నుంచి తీసే బీటీ, స్పినోసాడ్ లాంటి పురుగుమందుల్ని ఆ నిబంధనల్లోనే ఒప్పుకున్నారు. కానీ ఏడాదికి 5,000 డాలర్లకి మించి అమ్మేవాళ్లు సర్టిఫికెట్ లేకుండా ఆ మాట వాడకూడదు. మా తోటావిడ వాడదు. ఏం కొట్టిందో అడిగితే డబ్బా తెచ్చి చూపిస్తుంది.

ఇక మన కూరలు. బెండకాయ ఆగస్టు దాకా రాదు, వచ్చినా గుప్పెడు, ఇక్కడి రాత్రుల చలికి అంతే. గోంగూర అడగొద్దు. కానీ జూన్‌లో వచ్చే వెల్లుల్లి కాడలతో పచ్చడి చేసి చూడండి. బీట్‌రూట్ ఆకు తోటకూరలా పప్పులోకి సరిపోతుంది, నూల్‌కోల్ ఎలాగూ మనదే. జుకినీని లేతగా ఉన్నప్పుడు బీరకాయలా పెసరపప్పేసి వండితే మా అత్తగారే పోల్చుకోలేకపోయారు.

ఆ మెసేజ్ రాసినవాళ్లు వదిలేసిన అసలు ఇబ్బంది ఒకటుంది. పిల్లల సెలవులని జూన్ చివర ఇండియా వెళ్లి ఆరువారాలు ఉండేవాళ్లు వాటా తీసుకోవద్దు. పంట దిగేదే అప్పుడు. తీసుకుంటే పక్కింటివాళ్లకైనా అప్పగించి వెళ్లండి. నిరుడు మా పైఫ్లోర్‌వాళ్లు నాకు అప్పగించి వెళ్లారు. రెండు వాటాల జుకినీ ఒక్క వంటింట్లో. ఆ నెల మా ఇంటికి వచ్చినవాళ్లెవరూ ఉత్త చేతుల్తో తిరిగి వెళ్లలేదు.