అడవిని నమ్ముకున్నవాళ్లకు విదేశీ సాయం దండగేనా?

ఈమధ్య ఒక మెసేజ్ వాట్సాప్ గ్రూపుల్లో బాగా తిరుగుతోంది. నాకే మూడు చోట్ల నుంచి వచ్చింది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: అడవిని నరికేది అందులో ఉండేవాళ్లే. ఆకులూ గింజలూ అమ్ముకుని ఎవరూ బాగుపడరు. వాళ్ల పేరు చెప్పి దేశాల మధ్య జరిగే ఒప్పందాలన్నీ పేద దేశాలను ఎదగనివ్వకుండా సంపన్న దేశాలు వేసిన ఎత్తు. వచ్చే డబ్బు కూడా మధ్యవాళ్లే తినేస్తారు. అందుకని ఈ సాయం ఆపేసి, వాళ్లను అడవిలోంచి బయటికి తెస్తే అడవీ మిగులుతుంది, వాళ్లూ బాగుపడతారు.

ఈ నాలుగు మాటల్లో ఒకదాంట్లో నిజం ఉంది. దాన్ని చివరికి ఉంచుతాను, ఎందుకంటే దాని గురించే ఎక్కువ మాట్లాడుకోవాలి.

మొదటిది, నరికేది ఎవరు అన్న సంగతి. ప్రపంచంలో అడవులు పోవడానికి దాదాపు 90 శాతం కారణం వ్యవసాయ విస్తరణేనని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఉపగ్రహ చిత్రాలు చూసి 2021లో చెప్పింది. మొత్తం నష్టంలో సగం సాగు భూముల కోసం, 40 శాతానికి కాస్త తక్కువగా పశువుల మేత కోసం. ఇందులో చిన్న రైతుల పాత్ర లేదని నేననను. ఆఫ్రికాలో చాలాచోట్ల అది పెద్దదే. కానీ సోయా కోసం, పామాయిల్ కోసం, మాంసం కోసం లక్షల ఎకరాలు చదును చేసేది తేనె, గింజలు సేకరించే కుటుంబం కాదు. ఈ ఇద్దరినీ ఒకే గాటన కట్టడం దగ్గరే ఆ మెసేజ్ దారి తప్పింది.

నేపాల్‌నే చూడండి. 1970లలో అక్కడి కొండలు బోడిగా మారిపోతున్నాయని ప్రపంచమంతా ఆందోళన పడింది. 1978లో ఆస్ట్రేలియా సాయంతో సామూహిక అటవీ కార్యక్రమం మొదలైంది. తర్వాత స్విట్జర్లాండ్, బ్రిటన్ లాంటి దేశాలూ చేయి కలిపాయి. 1993 అటవీ చట్టం గ్రామస్థుల సంఘాలకు అడవిని వాడుకునే, కాపాడుకునే హక్కు ఇచ్చింది. ఇప్పుడు అలాంటి సంఘాలు 22 వేలకు పైనే ఉన్నాయి. 1992లో దేశ విస్తీర్ణంలో 26 శాతం ఉన్న అడవి 2016కల్లా 45 శాతానికి పెరిగింది. యువకులు పనుల కోసం బయటి దేశాలకు వెళ్లిపోవడం, పొలాలు బీడు పడటం కూడా ఇందుకు కొంత తోడైంది. అయినా జనాన్ని ఖాళీ చేయించి సాధించిన పెరుగుదల కాదిది.

“ఆకులు అమ్ముకుని బాగుపడరు” అన్న రెండో మాటకు జవాబు మధ్య అమెరికా దేశం గ్వాతెమాలా ఉత్తర ప్రాంతం పెటెన్‌లో ఉంది. అక్కడ 1990లో మాయా జీవావరణ రక్షిత ప్రాంతాన్ని ప్రకటించారు. ఆ తర్వాత అందులో కొంత భాగాన్ని స్థానిక సంఘాలకు 25 ఏళ్ల ఒప్పందాల మీద అప్పగించారు. దీనికి అమెరికా అభివృద్ధి సంస్థ డబ్బూ శిక్షణా ఇచ్చింది. షరతు గట్టిదే. అడవిని సక్రమంగా నిర్వహిస్తున్నట్టు అంతర్జాతీయ ధ్రువీకరణ తెచ్చుకోవాలి, లేకపోతే ఒప్పందం పోతుంది. వాళ్లు ప్రతి ఏడాదీ అడవిలో ఒక చిన్న భాగంలో లెక్కగట్టి మహాగని చెట్లు కొడతారు, ఆ భాగాన్ని మళ్లీ దశాబ్దాల పాటు ముట్టుకోరు. సొంత కోత మిల్లులు పెట్టుకున్నారు. షాతే అనే, ఈత కుటుంబానికి చెందిన మొక్క ఆకులను పూల అలంకరణ కోసం అమెరికాకు ఎగుమతి చేస్తున్నారు. వచ్చిన ఆదాయంలోంచి కాపలాకూ, మంటల నివారణకూ, పిల్లల చదువులకూ ఖర్చు పెడుతున్నారు.

సంఘాలు సరిగ్గా నడుస్తున్నచోట అడవి నష్టం దాదాపు సున్నా. సంఘాలకు ఇలాంటి ఒప్పందాలు లేకుండా, కాగితం మీద పూర్తి రక్షణ ఉన్న పక్కనే ఉన్న లగునా దెల్ తిగ్రే జాతీయ వనంలో మాత్రం పశువుల మందల కోసం పెద్ద ఎత్తున అడవి పోయింది. పెటెన్‌లో అన్ని సంఘాలూ నెగ్గలేదు. కొత్తగా వచ్చి స్థిరపడి, పశువుల మీదే ఆధారపడ్డ కొన్ని సంఘాలు అడవిని కాపాడలేక ఒప్పందాలు పోగొట్టుకున్నాయి. అంటే ఏదో ఊరికి డబ్బిచ్చి వదిలేస్తే సరిపోదు. అడవి నిలబడితేనే తమ బతుకు నిలబడే జనం చేతికి, కాగితం మీద రాసిచ్చిన హక్కు రావాలి.

ఇక సంపన్న దేశాల ఎత్తు అన్న అనుమానం. తమ అడవులు ఎప్పుడో నరికేసుకున్న దేశాలు ఇప్పుడు నీతులు చెబితే కోపం రావడం సహజం. కానీ 2008లో బ్రెజిల్ పెట్టిన అమెజాన్ నిధి ఎలా నడిచిందో చూడండి. అడవి నరికివేత తగ్గించాక, తగ్గినదాన్ని బట్టి నార్వే డబ్బిస్తుంది. ఆ నిధిని నడిపేది బ్రెజిల్ అభివృద్ధి బ్యాంకు. దిశానిర్దేశం చేసే కమిటీలో కేంద్ర ప్రభుత్వం, అమెజాన్ రాష్ట్రాలు, ప్రజా సంఘాలు ఉంటాయి. దాతలకు అందులో కుర్చీ లేదు. 2004లో 27 వేల చదరపు కిలోమీటర్లు దాటిన వార్షిక నరికివేతను 2012కల్లా సుమారు 4,500కు దించింది ముఖ్యంగా బ్రెజిల్ సొంత ఉపగ్రహ నిఘా, సొంత అధికారులు. 2019లో అప్పటి ప్రభుత్వం ఆ కమిటీని రద్దు చేయగానే నిధి ఆగింది, 2023లో కొత్త ప్రభుత్వం మళ్లీ తెరిచింది. ఆపినా తెరిచినా నిర్ణయం బ్రెజిల్‌దే.

డబ్బు మధ్యలోనే ఆగిపోతుందన్న మాట మాత్రం నిజం. తినేస్తారు అన్న పదం అందరికీ వర్తించదు కానీ, అడవిలో ఉన్న సంఘం దాకా చాలావరకు రాదన్నది నిజం. 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో కొన్ని ప్రభుత్వాలు, దాతృత్వ సంస్థలు ఆదివాసులకూ స్థానిక సముదాయాలకూ భూమి హక్కుల కోసం ఐదేళ్లలో 170 కోట్ల డాలర్లు ఇస్తామన్నాయి. దాతలు తామే ఇచ్చిన లెక్క ప్రకారం, మొదటి ఏడాది ఇచ్చినదాంట్లో నేరుగా ఆ సంఘాలకు చేరింది 7 శాతం. 2022లో 2.1 శాతం. ఈ అంకె చదివినప్పుడు నాకు చాలా బాధ కలిగింది.

ఇలా ఎందుకవుతుంది? దాతలకు పెద్ద మొత్తాలు ఒకేసారి ఇవ్వడం సులువు. దరఖాస్తు వాళ్ల భాషలో ఉండాలి, వాళ్ల పద్ధతిలో ఆడిట్ ఉండాలి. అడవి మధ్యలో ఉన్న సంఘానికి అకౌంటెంట్ ఎక్కడ దొరుకుతాడు? దాంతో ఆ డబ్బు ఒక అంతర్జాతీయ సంస్థకు, అక్కడి నుంచి కన్సల్టెంట్లకు, ఆ తర్వాత రాజధానిలో ఆఫీసుకు వెళ్తుంది. ప్రతి మెట్టు దగ్గరా కొంత ఖర్చవుతుంది.

దీనికి మందు సాయం ఆపడం కాదు, మెట్లు తగ్గించడం. ఇండోనేసియాలో మూడు ప్రజా సంఘాలు కలిసి 2023లో నుసాంతారా నిధిని మొదలుపెట్టాయి. దాతల కాగితాల పని అది చూసుకుని, ఊరి సంఘాలకు చిన్న చిన్న మొత్తాలు ఇస్తుంది. 2025 నవంబరులో బ్రెజిల్‌లోని బెలెంలో ఉష్ణమండల అడవుల కోసం ప్రారంభించిన కొత్త నిధి, తన చెల్లింపుల్లో కనీసం 20 శాతం ఆదివాసులకూ స్థానిక సముదాయాలకూ వెళ్లాలని నియమం పెట్టుకుంది. 2.1 పక్కన 20 పెద్ద అంకే. చెల్లింపులు మొదలయ్యాక నేను ముందుగా వెతికేది అది ఎంతవరకు నిలబడిందనే.