మా వీధి ల్యాబ్ లేచిపోయింది

మా వీధి చివర రక్తపరీక్షల ల్యాబ్ ఒకటి ఉండేది. పెద్దదేం కాదు, ఒక షట్టరు, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, నరం దొరక్కపోతే "పిడికిలి బిగించండి బాబాయ్‌గారూ" అనే అమ్మాయి, అంతే. కానీ కాలనీలో షుగరున్నోళ్లందరి టైంటేబులూ దాన్ని బట్టే నడిచేది. పొద్దున్నే పరగడుపున నడుచుకుంటూ వెళ్లి ఫాస్టింగ్ ఇచ్చేసి, ఇంటికొచ్చి టిఫిన్ తిని పేపర్ చదివి, తిన్న రెండు గంటలకి మళ్లీ చెప్పులేసుకెళ్లి రెండో రక్తం ఇచ్చేసొచ్చేవాళ్లు.

మొన్న మా మామయ్యగారిని తీసుకెళ్తే షట్టరు దించేసుంది. దాని మీద ఒక కాగితం, "మీ సౌకర్యార్థం బైపాస్ రోడ్డుకు మార్చబడినది". మామయ్యగారు కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివి "నేనడగలేదే!" అన్నారు.

అప్పటికే అక్కడ కొంతమంది పోగయ్యారు, అందరూ రాత్రి నుంచి ఏం తినని వాళ్లే, కాఫీ కూడా పడలేదు, మరి ఆ టైంలో వాళ్లతో మాట్లాడాలంటే ధైర్యం ఉండాలి. ఒకాయన కాగితం మీద నంబరుకి ఫోన్ చేస్తే "వాట్సాప్‌లో లొకేషన్ పెడతాం సార్" అన్నారంట, ఆయనదేమో బటన్ల ఫోను. చివరికి అందరం కలిసి ఒక ఆటో మాట్లాడుకుని ఇరుక్కుని కూర్చున్నాం. హోం కలెక్షన్ ఉంది కదా అంటారేమో, ఆరున్నరకొస్తానన్న కుర్రాడు తొమ్మిదిన్నరకొస్తే ఆ మూడు గంటలూ మామయ్యగారి ముందు నిలబడాల్సింది నేనే, మీరు కాదు.

కొత్త ల్యాబ్ అద్దాలు, ఏసీ, టోకెన్ మిషను, అన్నీ బాగానే ఉన్నాయి, కాకపోతే రెండో అంతస్తు, లిఫ్ట్ ఇంకా బిగించలేదు. మోకాళ్ల నొప్పుల పిన్నిగారొకావిడ ఆయాసపడుతూ ఎక్కొచ్చి చీటీ ఇస్తే, కౌంటర్ అమ్మాయి చూసి "మీకు మూడు నెలల షుగరే రాశారండీ, హెచ్‌బీఏ1సీ, దీనికి పరగడుపు అక్కర్లేదు" అంది. "ఈ ముక్క ముందే ఎవరైనా చెప్తే ఇంత ఉప్మా తినొచ్చేదాన్ని కదే!" అని ఆవిడ ఒకటే గోల.

అసలు చిక్కు ఫాస్టింగ్ అయ్యాక మొదలైంది. ఇంటికెళ్లి తిని మళ్లీ రావాలంటే ఆటో దొరకాలి, ట్రాఫిక్ ఉండకూడదు, తినడం మొదలెట్టిన దగ్గర్నుంచి సరిగ్గా రెండు గంటలకి ఇక్కడ చెయ్యి చాపాలి. కుదిరే పని కాదు. "ఇక్కడే ఏదైనా తినెయ్యండి, రోజూ తినేదే తినండి" అంది ఆ అమ్మాయి. మామయ్యగారు రోజూ తాగేది రాగిజావ. కింద ఉన్నదేమో టిఫిన్ హోటలు, నెయ్యి వాసన మెట్ల మీదకే వచ్చేస్తోంది.

"రాగిజావ లేదా బాబూ?" అని ఆయనే అడిగారు, లేదనగానే ఆ మొహంలో వెలుగు చూడాలి! ఉప్మా పెసరట్టు చెప్పారు. అది అవుతుండగానే పూరీ. నేనేదో అనబోతే "టెస్టు కోసమేగా అమ్మాయ్, తినకపోతే డాక్టర్ ఒప్పుకోడు" అన్నారు. పక్క టేబుళ్ల మీద మా ఆటో బ్యాచ్ మొత్తం ఇదే కారణంతో ఇదే పనిలో ఉంది.

సాయంత్రం రిపోర్ట్ ఫోన్‌కొచ్చింది. ఫాస్టింగ్ 118, తిన్నాక 286. అత్తయ్యగారు ఆ అంకె చూసి ఏం తిన్నారని గట్టిగా నిలదీస్తే, మామయ్యగారు ఏమాత్రం తొణక్కుండా "అది నా షుగర్ కాదే, బైపాస్ రోడ్డు షుగర్. ల్యాబ్ ఇక్కడే ఉంటే ఇంత వచ్చేదా?" అన్నారు. వినడానికి సరదాగా ఉంది గానీ నిజంగా ఆలోచిస్తే నాకు జవాబు దొరకలేదు.

ఆ నంబర్ చూసి డాక్టర్‌గారు వచ్చే నెల మళ్లీ చేయించమన్నారు. "పాపం నువ్వెందుకమ్మా రావడం, నాకు దారి తెలిసిందిగా, నేనొక్కణ్ణే వెళ్లొస్తా" అంటున్నారు మామయ్యగారు. దారి ల్యాబ్‌కా హోటల్‌కా అని వంటింట్లోంచి అత్తయ్యగారు.