బెర్లిన్ దారులు తెరిపించింది అణుబాంబు కాదు

‘ఆకాశం నుంచి అన్నం’ అనే సందేశం ఈ పది రోజుల్లో నాకు అయిదుసార్లు వచ్చింది. మూడుసార్లు కళాశాల మిత్రుల వాట్సాప్ బృందంలో, ఒకసారి మా బాబాయి నుంచి, చివరిసారి ఒకప్పుడు నా దగ్గర చరిత్ర పుస్తకాలు అరువు తీసుకున్న మిత్రుడి నుంచి. సారాంశం ఇది: 1948లో స్టాలిన్ ఉన్నట్టుండి పిచ్చెత్తి పశ్చిమ బెర్లిన్ దారులు మూసేశాడు, గోడ వెనుక ఇరవై లక్షల మంది తిండి లేక మాడిపోయారు, అమెరికా ఒక్కటే విమానాల్లో అన్నం పంపింది, పిల్లలకు చాక్లెట్లు కూడా జారవిడిచింది, చివరికి అణుబాంబు చూపించేసరికి స్టాలిన్ తోక ముడిచాడు, కాబట్టి శత్రువుకు అర్థమయ్యే భాష బాంబు ఒక్కటే. నాలుగుసార్లు ఊరుకున్నాను. ఆ పుస్తకాలు చదివిన మిత్రుడే పంపాక ఊరుకోవడం చేతకాలేదు.

గోడ కట్టింది 1961 ఆగస్టులో. సందేశానికి జతచేసిన ఫోటో కూడా ఆ గోడదే. పదమూడేళ్ల తరువాత పుట్టబోయే గోడ వెనుక జనాన్ని మాడ్చిన ఘనత సందేశకర్తకే దక్కాలి.

ఆకలి సంగతి కొంత ఓపికగా చెప్పాలి. యుద్ధం తరువాత జర్మనీని సోవియట్, అమెరికా, బ్రిటన్, ఫ్రాన్సులు మండలాలుగా పంచుకున్నాయి. తూర్పున సోవియట్ మండలం మధ్యలో ఉన్న బెర్లిన్‌నూ అలాగే పంచుకున్నాయి, అందులో చివరి మూడు దేశాల భాగమే పశ్చిమ బెర్లిన్. రైళ్లు, రోడ్లు, కాలువలు మూసిన మాట నిజం, తూర్పు నుంచి వచ్చే కరెంటు ఆపేసిన మాటా నిజం. అయితే నగరం లోపల ఒక భాగం నుంచి మరో భాగానికి మనుషులు వెళ్లివస్తూనే ఉన్నారు. తమ వైపు పేరు నమోదు చేసుకుంటే రేషను ఇస్తామని సోవియట్ అధికారులే ప్రకటించారు. ఇరవై లక్షల పైచిలుకు జనంలో సుమారు లక్ష మందే అందుకు ఒప్పుకున్నారు. పస్తుల కథకన్నా ఈ నిరాకరణే గొప్పదని నాకనిపిస్తుంది. ఇక ఆకాశం నుంచి దిగిన ‘అన్నం’ విషయానికి వస్తే, మొత్తం దాదాపు 23 లక్షల టన్నుల సరుకులో మూడింట రెండు వంతులు బొగ్గు.

పిచ్చి అనడం అన్నిటికన్నా సులువైన వివరణ. 1948 జూన్ 20న పశ్చిమ మండలాల్లో పాత మార్కు కరెన్సీని రద్దుచేసి కొత్త మార్కు తెచ్చారు. అక్కడ చెల్లని పాత నోట్లన్నీ ఇంకా చెల్లుబాటయ్యే తూర్పు మండలం మీద వచ్చి పడతాయని గ్రహించడానికి పెద్ద చదువు అక్కర్లేదు. 2016 నవంబరులో బ్యాంకుల ముందు నిలబడిన మనకు అసలే అక్కర్లేదు. జర్మనీని ఉమ్మడిగా పాలించాలన్న ఒప్పందం అప్పటికే చిరిగిపోతోంది, పశ్చిమాన వేరే ప్రభుత్వానికి సన్నాహాలు జరుగుతున్నాయి. జూన్ 24న దారులు మూయడం క్రూరమే, కానీ అది లెక్క వేసుకుని చేసిన క్రూరత్వం.

‘అమెరికా ఒక్కటే’ అన్నదానికి జవాబు చిన్నది. సరుకులో దాదాపు నాలుగో వంతు బ్రిటిష్ విమానాలు మోశాయి. నీటి మీద దిగగల వాళ్ల సముద్ర విమానాలు బెర్లిన్‌లోని హావెల్ నది మీద దిగి ఉప్పు దించాయి. టెగెల్ విమానాశ్రయాన్ని మూడు నెలల లోపు కట్టింది బెర్లిన్ కూలీలు, వాళ్లలో సగానికి దగ్గరగా స్త్రీలు.

ఇక బాంబు. అణుబాంబు చూపించేసరికి భయపడిన స్టాలిన్ దారులు తెరవడానికి దాదాపు పదకొండు నెలలు తీసుకున్నాడట! అంత తీరిగ్గా భయపడే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. 1948 జూలైలో అమెరికా సుమారు అరవై బి-29 బాంబర్ విమానాలను బ్రిటన్‌కు పంపిన మాట వాస్తవమే, కానీ అణుబాంబును మోయడానికి కావలసిన మార్పులు వాటిలో చేయలేదు. అదే నెలలో బాంబులను సైన్యం అధీనంలో ఉంచాలన్న కోరికను అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ తోసిపుచ్చాడు. సాయుధ వాహనశ్రేణితో రోడ్డు మీద దూసుకుపోతానన్న, జర్మనీలోని అమెరికా సైనిక గవర్నరు జనరల్ క్లేకు కూడా వాషింగ్టన్ అనుమతి ఇవ్వలేదు. విమానాలు నడిచిన మూడు గగన మార్గాలు 1945 నవంబరులో నాలుగు దేశాలూ రాతపూర్వకంగా ఒప్పుకున్నవి. రోడ్లకు అటువంటి కాగితం లేదు. వాటిని మూయగలిగిన స్టాలిన్ ఆకాశం జోలికి ఎందుకు పోలేదో దీన్నిబట్టి కొంత తెలుస్తుంది. సోవియట్ యుద్ధవిమానాలు దగ్గరగా దూసుకువచ్చి బెదిరించాయి గాని సరుకు విమానాలను కూల్చలేదు. అన్నిటికన్నా విచిత్రం, విమానాల రాకపోకలను చూసే బెర్లిన్ గగన భద్రతా కేంద్రంలో దిగ్బంధం సాగినంతకాలం సోవియట్ అధికారులు మిగిలిన మూడు దేశాల వాళ్లతో కలిసి కూర్చుని పనిచేశారు.

ముగింపు కూడా అలాగే వచ్చింది. 1949 జనవరిలో ఒక అమెరికన్ విలేఖరికి స్టాలిన్ ఇచ్చిన జవాబుల్లో, అంతవరకు గొడవకు మూలంగా చెబుతూ వచ్చిన కరెన్సీ ప్రస్తావన లేదు. అది పొరపాటా, ఉద్దేశమా అని ఫిబ్రవరిలో ఐక్యరాజ్యసమితిలో అమెరికా ప్రతినిధి జెస్సప్ సోవియట్ ప్రతినిధి మాలిక్‌ను మాటల మధ్య అడిగాడు. నెల తరువాత, అది యాదృచ్ఛికం కాదని మాలిక్ నుంచి జవాబు వచ్చింది. ఈలోగా పశ్చిమ దేశాలు తూర్పు మండలానికి బొగ్గు, ఉక్కు ఆపి అక్కడి కర్మాగారాలకు ఊపిరాడకుండా చేశాయి. ఏప్రిల్ 16న ఒక్కరోజులో దాదాపు పదమూడు వేల టన్నులు బెర్లిన్‌లో దిగాయి. మే 12న ఇరువైపులా ఆంక్షలు తొలగాయి. స్టాలిన్ లెక్కల్లో బాంబు అసలే లేదని నేను ప్రమాణం చేయలేను. సోవియట్ తొలి అణుపరీక్ష 1949 ఆగస్టులో గాని జరగలేదు. కానీ ఆ బాంబు అమెరికా చేతిలో 1948 జూన్‌లోనూ ఉంది. దారులు మూయకుండా ఆపలేనిది, వాటిని తెరిపించిందని నమ్మమంటే ఎలా? ఇరుపక్షాలూ యుద్ధం రాకుండా ఒళ్లు దగ్గర పెట్టుకుని నడిచిన పదకొండు నెలలను, బాంబు వేయమని రెచ్చగొట్టే పాఠంగా మార్చి పంచుతున్నారు, అదీ పొద్దున్నే శుభోదయం పువ్వుల బొమ్మ పక్కన.

చాక్లెట్లను కూడా ఎగతాళి చేయాలనే కూర్చున్నాను, కానీ అది నిజం. బెర్లిన్‌లోని టెంపెల్‌హాఫ్ విమానాశ్రయం కంచె దగ్గర నిలబడిన పిల్లలకు హాల్వర్సెన్ అనే పైలట్ తన దగ్గరున్న రెండు చూయింగ్ గమ్ ముక్కలు ఇచ్చాడు. వాళ్లు పోట్లాడుకోకుండా తుంచుకున్నారు, దొరకనివాళ్లు కాగితం వాసన చూశారు. ఆ తరువాత అతను చేతిరుమాళ్లను పారాచూట్లుగా కట్టి మిఠాయిలు జారవిడిచాడు. తన విమానం ఏదో తెలియడానికి రెక్కలు ఊపేవాడు. బాబాయి ఆ ఒక్క వాక్యం ఉంచి మళ్లీ పంపితే, నేనూ నలుగురికి పంపుతాను.