కదలనివ్వకుండా తట్టుకోమంటే ఎలా?

నడి చలికాలంలో వాన పడిందంటే రెయిన్‌డీర్లకు (మంచు ప్రాంతాల జింకలకు) ఆకలి చావులు రావచ్చు. చలికాలమంతా వాటికి ప్రధానమైన మేత నేలను అంటిపెట్టుకుని పెరిగే, నాచులా కనిపించే లైకెన్. పైన మంచు మందంగా ఉన్నా సరే, పొడిగా ఉంటే చాలు. వాసన పట్టి, గిట్టలతో తవ్వుకుని తింటాయి. అదే మంచు మీద వాన పడి, వెంటనే చలి బిగిసిందనుకోండి, నీరంతా గట్టి పలకలా గడ్డకడుతుంది. కింద మేత ఉన్నా వాసన పైకి రాదు, గిట్ట దిగదు. 2013 నవంబరులో రష్యాలోని యమాల్ ద్వీపకల్పంలో ఇలాగే వాన పడి గడ్డకడితే, నేనెత్స్ పశుపాలకుల మందల్లో 61 వేల దాకా జంతువులు చనిపోయాయి. 1979 నుంచి ఆర్కిటిక్ ప్రాంతం ప్రపంచ సగటు కంటే దాదాపు 4 రెట్లు వేగంగా వేడెక్కుతోంది. అంటే ఈ టెన్షన్ ఒక్క ఏడాదితో పోయేది కాదు.

చాలా కథనాలు ఇక్కడితో ఆగిపోతాయి. పాపం, ప్రకృతి పగబట్టింది, ఒక ప్రాచీన సంప్రదాయం అంతరించిపోతోంది అని నిట్టూరుస్తాయి. నాకు ఆ నిట్టూర్పు మీదే అనుమానం.

నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, రష్యా ఉత్తర కొసల్లో రెయిన్‌డీర్లను మేపే సామీ ప్రజలకు చెడ్డ ఏడాదులు కొత్త కావు. ఒక చోట మేత మీద మంచు బిగిస్తే మందను ఇంకో లోయకో, తీరం వైపుకో తోలుకుపోతారు. అదీ కాకపోతే పాత అడవుల్లోకి వెళతారు. అక్కడ ముదురు చెట్ల కొమ్మలకు గడ్డంలా వేలాడే లైకెన్ ఉంటుంది, నేల మీద మేత అందని ఏడాది మంద ప్రాణం నిలిపేది అదే. ఏ మంద ఎటు పోవాలో కలిసి తేల్చుకునే కుటుంబాల జట్లున్నాయి, వాటిని సీడా అంటారు. రంగురంగుల దుస్తులూ పాటలూ టూరిస్టులకు కనిపించే భాగం. ఒక దారి మూసుకుపోతే మరో దారి చేతిలో ఉంచుకోవడం అసలు సంప్రదాయం.

ఆ రెండో దారినే ఇప్పుడు మూసేస్తున్నారు, అదీ వాతావరణం కాదు, మనుషులు. స్వీడన్‌లో లైకెన్ సమృద్ధిగా ఉండే అడవులు 60 ఏళ్లలో 71 శాతం తగ్గాయని 2016లో ఒక పరిశోధన తేల్చింది. కలప కోసం అడవిని పెంచే తీరే దీనికి పెద్ద కారణం.

ఇక నార్వేలోని ఫోసెన్ సంగతి. దక్షిణ సామీల శీతాకాలపు మేతభూముల్లో 151 గాలిమరలు లేచాయి. గాలిమరలున్న చోటికి మంద పోదు. 2020లో అప్పీలు కోర్టు దాదాపు 9 కోట్ల క్రోనర్ల (నార్వే కరెన్సీ) పరిహారం లెక్కగట్టింది. చలికాలంలో మందను కంచెలో పెట్టి దాణా పోసి పెంచితే సరిపోతుందన్నది ఆ లెక్క వెనకున్న ఆలోచన. చూడ్డానికి న్యాయంగానే ఉంది. కానీ మేస్తూ తిరగాల్సిన మందను కట్టేసి మేపితే రోగాలు అంటుకుంటాయి, దాణా ఖర్చు నెత్తిన పడుతుంది. పైగా ఆ పని తరతరాలుగా వస్తున్న పశుపాలన కానే కాదు. 2021 అక్టోబరులో నార్వే సుప్రీంకోర్టు ఆ దాణా లెక్కను పక్కనపెట్టి, మైనారిటీల సాంస్కృతిక హక్కును కాపాడే అంతర్జాతీయ ఒప్పందంలోని 27వ అధికరణకు విరుద్ధమంటూ లైసెన్సులు చెల్లవని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. హరిత విద్యుత్తు అవసరమే, కానీ సామీలకు ఇంత నష్టం చేయని చోట్లు కూడా ఉన్నాయి కదా అంది.

తీర్పు వచ్చేసరికే మరలు తిరుగుతున్నాయి. తీర్పు వచ్చాకా తిరుగుతూనే ఉన్నాయి. 500 రోజులైనా ఏమీ జరగకపోవడంతో 2023 ఫిబ్రవరిలో సామీ యువత ఓస్లోలో ఇంధన శాఖ కార్యాలయంలో బైఠాయించింది. గ్రెటా థన్‌బెర్గ్ కూడా వాళ్ల పక్కనే కూర్చుంది. వాతావరణ ఉద్యమకారిణి గాలిమరలకు ఎదురు నిలవడమేమిటని కొందరు వెక్కిరించారు గానీ, అందులో వింతేమీ లేదు. భూమిని వేడెక్కించడంలో ఏ పాత్రా లేనివాళ్ల దగ్గరే దాన్ని చల్లబరిచే ఖర్చు వసూలు చేయడం ఎక్కడి న్యాయం?

ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. 2023 డిసెంబరులో దక్షిణ ఫోసెన్ సీడాతో, 2024 మార్చిలో ఉత్తర సీడాతో రాజీ కుదిరింది. మరలు ఉంటాయి. దక్షిణ సీడాకు ఏటా 70 లక్షల క్రోనర్లు, వేరే చోట శీతాకాలపు మేతభూమి, లైసెన్సు గడువు తీరాక పొడిగింపును అడ్డుకునే హక్కు దక్కాయి. ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లు అలసి ఒప్పుకుంటే తప్పుబట్టలేం. ప్రభుత్వానికి మాత్రం ఇందులో ఒక పాఠం దొరికింది: ముందు కట్టేయ్, తర్వాత బేరమాడొచ్చు.

ఆ పాఠం ఒంటబట్టిందనే అనిపిస్తోంది. నార్వే ఉత్తర కొసన హామర్‌ఫెస్ట్ పట్టణం దగ్గర మెల్‌కోయా దీవిలో ఎల్‌ఎన్‌జీ ప్లాంటు, అంటే సహజ వాయువును ద్రవంగా మార్చే ప్లాంటు ఉంది. అక్కడి ఉద్గారాలు తగ్గించడానికి దాన్ని కరెంటుతో నడపాలని 2023 ఆగస్టులో ప్రభుత్వం నిర్ణయించింది. ఆ కరెంటు కోసం ఆ చుట్టుపక్కల ఫిన్‌మార్క్ ప్రాంతంలో కొత్త గాలిమరలు కావాలి, అది కూడా రెయిన్‌డీర్లు తిరిగే నేలే. సామీలు ఎన్నుకునే ప్రతినిధుల సభ అయిన సామీ పార్లమెంటు వ్యతిరేకించింది. ఇంతా చేస్తే ప్లాంటు లెక్కలో ఉద్గారాలు తగ్గుతాయి, అక్కడ తయారయ్యే గ్యాస్ మాత్రం ఓడలెక్కి ఎప్పటిలాగే యూరప్‌లో మండుతుంది.