ముందు పాలు పొంగాలి, తరవాతే గొట్టాలు

విజయనగరంలో ఇల్లు కట్టుకుంటున్నవారికి సవినయ మనవి. బోరు నీళ్ల గడుసుదనం తీసే వాటర్ సాఫ్ట్‌నర్ గురించి గృహప్రవేశానికి ముందు పొరపాటున కూడా ఆలోచించకండి. ఈశాన్యంలో బోరు, ఆగ్నేయంలో వంటిల్లు, సింహద్వారానికి టేకు, ఇవన్నీ తేలాలి. టైల్స్ అతకాలి, రంగులు ఆరాలి, పాలు పొంగాలి. ఆ తరవాత కొత్త షవరు కన్నాలు తెల్లగా పూడుకుపోయి, గీజరు కాయిలు ఒకటి పోయాక, అప్పుడు ప్లంబరుని పిలవాలి. అతను బాత్రూం గోడని రెండుసార్లు తట్టి, "ఏటీ అవ్వదు బాబూ, చిన్న కటింగే" అంటాడు. ఆ మాట వినడానికే కదా ఇల్లు కట్టుకున్నది!

ప్లాస్టరింగుకి ముందే గొట్టాలు తేల్చుకునే తొందరపాటు మనుషులు కొందరుంటారు. ట్యాంకు నుంచి రెండు లైన్లు దింపుతారు. స్నానాలగదులకీ, గీజరుకీ, వాషింగ్ మెషీనుకీ ఒకటి. మొక్కలకీ, వంటింట్లో తాగే కుళాయికీ రెండోది. సాఫ్ట్‌నర్ మొదటిదాని మీదే పెడతారు. ఎందుకయ్యా అంటే, లోపలి రెజిన్ (సన్నటి ప్లాస్టిక్ పూసలు) నీటిని గడుసుగా చేసే కాల్షియం, మెగ్నీషియం పట్టుకుని బదులుగా సోడియం వదులుతుందట. లీటరుకి 500 మిల్లీగ్రాముల హార్డ్‌నెస్ (అదే, ఆ గడుసుదనం) తీస్తే సుమారు 230 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. పెరట్లో కొబ్బరిచెట్టు ఎలాగో సర్దుకుంటుంది గానీ, కరివేపాకు సర్దుకోదు, ఇంట్లో బీపీ ఉన్న పెద్దాయనా సర్దుకోడు. ఆర్వో ఉంటే దానికి మాత్రం మెత్తబడ్డ నీళ్లే ఇవ్వచ్చు. సోడియంని చాలావరకు అదే ఆపేస్తుంది, దాని వడపోత పొర మెంబ్రేనూ ఎక్కువకాలం బతుకుతుంది.

ఇక ప్రెషరు. ఇది అడగకూడని ప్రశ్న. రెజిన్ నిండిపోయినప్పుడల్లా దాన్ని ఉప్పునీటితో కడిగి మళ్లీ సిద్ధం చేసేది ఆటోమేటిక్ వాల్వు. అది సరిగా పనిచేయాలంటే దాదాపు రెండు బార్ల (బారు అంటే ప్రెషరు కొలత) ఒత్తిడి కావాలి. పది మీటర్ల ఎత్తుకి ఒక బారు చొప్పున వస్తుంది. మన ఒంటి అంతస్తు డాబా మీది ట్యాంకు కింద పెట్టిన సాఫ్ట్‌నర్‌కి ఇచ్చేది అరబారు కూడా ఉండదు. ఆ బలానికి వాల్వులోని సన్నటి గొట్టం, ఇంజెక్టరు, డబ్బాలోంచి ఉప్పునీటిని పీల్చలేదు. మోటారు తిరుగుతుంది, చప్పుడు వస్తుంది, డబ్బాలో ఉప్పు ఎక్కడిదక్కడే ఉంటుంది. "ఉప్పు అసలు ఖర్చవడం లేదు, మంచి మెషీను" అని యజమాని నలుగురికీ చెప్పుకుంటాడు కూడా. దీనికి మందు రెండు రకాలు. ట్యాంకు తరవాత ప్రెషర్ పంపు పెట్టడం ఒకటి. సంపు నుంచి ట్యాంకుకి వెళ్లే మోటారు లైన్లో సాఫ్ట్‌నర్ పెట్టడం రెండోది, అప్పుడు మొక్కలకీ తాగడానికీ నీళ్లు వేరే దారిన తెచ్చుకోవాలి. రెండోదానిలో మెలిక ఉంది: రాత్రి రెండింటికి వాల్వు శుభ్రం చేసుకోబోతే మోటారు ఆగి ఉంటుంది, అంచేత రెండు టైమర్లూ కలవాలి. పైగా 25 లీటర్ల రెజిన్ మీదుగా గంటకి వెయ్యి లీటర్లు మించి తోయకూడదు. ఒక హెచ్‌పీ మోటారు అంతకి మూడింతలు తోస్తే హార్డ్‌నెస్ తప్పించుకుని పోతుంది. మచ్చలు మాత్రం సాఫ్ట్‌నర్ కొనకముందులాగే పడతాయి.

రిపేరప్పుడు నీళ్లు సాఫ్ట్‌నర్‌ని తప్పించుకుని పోయే దారి, అదే బైపాస్, దానికి మూడు బాల్ వాల్వులు కావాలి. ఒకటి మిగిల్చితే పొదుపే, కాకపోతే రిపేరు రోజున ఇల్లంతా చుక్క నీరుండదు. రెండు పక్కలా యూనియన్లు (విప్పి బిగించుకునే జాయింట్లు), ముందొకటి వెనకొకటి అరంగుళం శాంపిల్ కుళాయిలు, పక్కనే కరెంటు పాయింటు. నీళ్లు బకెట్లో నిలవుంచితే ఎర్రబడుతున్నాయంటే ఇనుముంది. సాఫ్ట్‌నర్‌కి ముందు ఐరన్ ఫిల్టరు లేకపోతే రెజిన్‌కి తుప్పు పట్టిన రంగే మిగులుతుంది. సాఫ్ట్‌నర్‌ని మేడ మీద ఎండలో పెట్టి నీడ వేయకపోవడం కూడా మన సంప్రదాయమే.

రెజిన్ కడిగిన నీళ్లు బయటికి పోయే డ్రెయిన్ గొట్టాన్ని మురుగు పైపులోకి దూర్చి సీలు చేయడం చూడ్డానికి బాగుంటుంది. మురుగు వెనక్కి లాక్కోకుండా ఉండాలంటే మాత్రం నేలమీది జాలీకి (ఫ్లోర్ ట్రాప్‌కి) అంగుళం పైనే గాలి ఖాళీ వదలాలి. ఉప్పు డబ్బా ఓవర్‌ఫ్లో దానితో కలపకుండా విడిగా వాలుగా పోవాలి.

ఉప్పు లెక్క. ఐదుగురికి, తలకి 135 లీటర్ల చొప్పున, రోజుకి 675. 500 హార్డ్‌నెస్‌కి 25 లీటర్ల రెజిన్ సుమారు 2500 లీటర్లు లాగుతుంది, అంటే మూడున్నర రోజులు దాటి. ప్రతిసారీ మూడు కిలోల ఉప్పు, నెలకో పాతిక కిలోల బస్తా. నౌపడ ఉప్పు మడులు పక్కనున్నాయి కదా అని మట్టి కళ్లుప్పు పోస్తే ఇంజెక్టరు పూడుతుంది. వంటింటి పొడి ఉప్పు పోస్తే గడ్డకట్టి వంతెనలా నిలబడుతుంది, కింద నీళ్లు, పైన ఉప్పు. కడిగిన కళ్లుప్పే కావాలి.

అంతా అయ్యాక టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) మీటరు ముంచి చూస్తారు. అంకె తగ్గదు. "మోసం!" అంటూ షాపు మీదకి వెళ్తారు. సాఫ్ట్‌నర్ కాల్షియం బదులు సోడియం పెడుతుందే గానీ టీడీఎస్ తగ్గించదని షాపువాడు చెబుతాడు. అమ్మేటప్పుడు అతను చెప్పినవన్నీ నమ్మారు, ఇదొక్కటి నమ్మరు. హార్డ్‌నెస్ కొలిచే కిట్‌లో నీళ్లు దాని మందు మొదటి చుక్కకో రెండో చుక్కకో ఎరుపు నుంచి నీలానికి మారితే పని జరుగుతున్నట్టే. ఆ కిట్ మాత్రం ఎవరూ కొనరు, మీటరు చేతిలో ఉందిగా!